పద్నాలుగో తారీకు, లోకానికి ఆఖరి రోజు

వచ్చే పద్నాలుగో తారీకున లోకం ముగిసిపోతుందని లైబ్రరీ దేవకుమారి బోర్డు రాసి పెట్టిందట. మాణిక్యమ్మ కళ్ళారా చూసిందట. ఈ సంగతి సుబ్బాయమ్మ తన కొడుకు చెంచురామయ్యకు అట్టు వడ్డిస్తూ చెప్పింది. ఆయన నవ్వేశాడు. వేమూరు దగ్గరి ఆ ఊళ్ళో శాఖా గ్రంథాలయం నడిచేది ఆయన గదిలోనే. ఇవాళో రేపో వెళ్ళి ఖాళీ చెయ్యమని చెప్పి, ఎరువుల బస్తాలు వేసుకోవాలన్నది ఆయన ఆలోచన.

దేవకుమారి ఆలోచన వేరు. గ్రంథాలయ వారోత్సవాలకు పద్నాలుగున తెనాలి నుంచి అధికారి వస్తున్నాడు. పేపరు చదివే ముసలివాళ్ళు తప్ప పిల్లలు కనబడకపోతే శాఖ ఎత్తేస్తామని ముందే చెప్పాడు. శాఖతోపాటే ఆమె ఉద్యోగమూ పోతుంది. నీతి కథలిస్తే టెన్త్ పిల్లలు అట్ట కూడా తిప్పలేదు. మొన్న మే నెల తుఫానుకు మూడు రోజులు బడి డాబా మీద గడిపిన పిల్లలు వాళ్ళు. సముద్రం పొంగి ఊళ్ళన్నీ పోయాక ఐదుగురు పిల్లలు ఏడాదిపాటు ఎలా బతికారో చెప్పే నవల ఆరు కాపీలు తెప్పించింది. దాని పేరు ‘లోకానికి ఆఖరి రోజు’. "భయపడటానికి కాదు, బతకటానికి చదవండి" అని చేతుల్లో పెట్టింది. పిల్లలు వరసకట్టారు.

బయట బోర్డు మీద ‘పిల్లలు తప్పక చదవవలసిన నవల’ అని ఆమె రాసిన పై వరస తెల్లవారుజాము జల్లుకు కొట్టుకుపోయింది. మిగిలింది ఇది: ‘లోకానికి ఆఖరి రోజు. గడువు నవంబరు 14. ఎవరి దగ్గరున్నవి వాళ్ళు ఆలోపు తిరిగి ఇచ్చేయాలి.’

ఆ మాట పొద్దుటి పాసింజరెక్కి రేపల్లె వెళ్ళి, మధ్యాహ్నానికల్లా తాటిచెట్టంత అలను వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రేడియో కూడా అంది. దానికితోడు నవల చదివిన పిల్లలు అగ్గిపెట్టెలు మైనం కాగితాల్లో చుట్టి దాస్తున్నారు. శేషగిరిరావు కూతురు తులసి తన తల్లి పప్పుకుండకు కింద బెజ్జం కొట్టి, ఇసుకా బొగ్గులూ నింపి కాలవ నీళ్ళు వడగడుతోంది. పిల్లలకు ముందే చెప్పేశారని పెద్దలకు రూఢి అయింది.

ఇక తిరిగి ఇచ్చుకోవటాలు మొదలయ్యాయి. సామ్రాజ్యం నాలుగేళ్ళ కిందట పక్కింటి నుంచి తెచ్చుకున్న జాడీని ఆవకాయతో సహా ఇచ్చేసింది. వీరాస్వామి పక్క పొలంలోకి తను జరిపిన గట్టును తనే మళ్ళీ వెనక్కి జరిపాడు. అలాంటి తేదీ మనిషెవడికీ తెలియదని లూథరన్ చర్చిలో పాస్టరు బర్నబాస్ చెప్పి చూశాడు. అయ్యగారు ఇంకా బోర్డు చూడలేదు కాబోలని జనం జాలిపడ్డారు.

పదమూడో తారీకున చెంచురామయ్య లైబ్రరీకి వచ్చాడు. గది మాట ఎత్తలేదు.

"పద్నాలుగు ఖాయమేనా అమ్మాయ్?"

నవల గడువు గురించి అడుగుతున్నాడనుకుంది దేవకుమారి. "ఖాయమేనండి. ఒక్క రోజు కూడా పొడిగించను."

"నీ చేతుల్లో ఏమీ లేదా?"

"అంతా నా చేతుల్లోనే ఉందండి. మీ దగ్గరున్నది కూడా ఇచ్చేయండి బాబాయిగారూ. ఇన్నాళ్ళూ అడగటానికి మొహమాటపడ్డాను."

ఆమె అడిగింది ఆయన రెండేళ్ళ కిందట తీసుకెళ్ళిన అరటి సాగు పుస్తకం. చెంచురామయ్య తల పైకెత్తి గది దూలాల వంక చూశాడు. సాయంత్రానికి పెద్దమనుషుల సంతకాలతో గదిని గ్రంథాలయానికి రాసిచ్చాడు. అధికారి వస్తున్నాడని ఊరికి బుద్ధొచ్చిందనుకుంది దేవకుమారి. అరటి పుస్తకం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పద్నాలుగున ఎండ విరగకాసింది. వాయుగుండం ఎటో పోయింది. అయినా ఏ గంటకో అడుగుదామని ఊరంతా లైబ్రరీ ముందు చేరింది. తెనాలి అధికారి ఆ జనాన్ని చూసి చెప్పులు విప్పటం మరిచిపోయాడు. ఏం చదువుతున్నారని అడిగితే టెన్త్ పిల్లలు ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకుంటూ కథంతా చెప్పారు. ఆఖరి రోజన్నది నవల పేరని పెద్దలకు అప్పుడు తెలిసింది. ఇలాంటి శాఖను ఎత్తేసే ప్రశ్నే లేదని అధికారి ప్రకటించాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సామ్రాజ్యం పక్కింటావిడ వైపు చూసింది. వీరాస్వామి పార ఎక్కడ పెట్టానా అని ఆలోచనలో పడ్డాడు. చెంచురామయ్య ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

"లోకం ఉంటుందని తెలిస్తే రాసేవాణ్ణి కాదు. ఆ కాగితం ఇటివ్వమ్మా."

దేవకుమారి కాగితాన్ని గుండెలకు అదుముకుంది. జనంలోంచి సుబ్బాయమ్మ తన కొడుకు ఎదుటికి వచ్చి నిలబడింది.

"చస్తాననుకుని మంచోడివయ్యావు. బతికుండి మంచోడిగా ఉండటానికి నీకేం రోగంరా?"