మహాదాత భరణం కేసు

ఆ ఉదయం హాతీరాం పెట్టుకున్న పని ఒక్కటే, పేదవాడిలా కనబడటం. గడ్డం గీసుకోలేదు. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంటు వేసుకున్నాడు. బండి ఇంట్లోనే వదిలి కొత్తగూడెం బస్సు కోసం నడక మొదలుపెట్టాడు. పాల్వంచలో కాంట్రాక్టరు అతని షిఫ్టులు సగానికి కోసేశాడు. విడాకులు తీసుకున్న చాందికి నెలనెలా కట్టాల్సిన భరణం మాత్రం ఎవరూ కోయలేదు. ఇవాళ కొత్తగూడెం కోర్టు తగ్గించకపోతే అప్పు మీద అప్పు, కట్టకపోతే జైలు. "కోర్టు ముందు మనిషిని చూస్తది, తర్వాతనే కాయితం చూస్తది" అని లాయరు అనిల్‌కుమార్ చెప్పాడు. ఆ ముక్క చెప్పినందుకు కూడా ఫీజు తీసుకున్నాడు.

తండాలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. విడిచిన పెళ్లానికి ఇచ్చేది తగ్గించమని బతిమాలుకునే మగవాడికి అక్కడ కూర్చోవడానికి మంచం కూడా వెయ్యరు. అందుకే "ఆఫీసు పని" అని చెప్పి బయటపడ్డాడు.

రోడ్డెక్కగానే ఆగిపోయాడు. కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య తానే నిలబడి ఉన్నాడు, నిలువెత్తు ఫ్లెక్సీలో. నల్ల కోటు, నల్ల కళ్లద్దాలు, మెడలో మోకంత గొలుసు, వెనక తెల్లకారు. కింద, "సీత్లా పండుగ మహాదాత, పేదల పెన్నిధి శ్రీ హాతీరాం గారు."

నలుగురిలో మాట తక్కువ కాకూడదని, పండక్కి సీత్లా దేవతకు బలిచ్చే మేకపోతు ఖర్చు తనదేనని మొన్న అన్నాడు. అక్క కొడుకు రాజేష్ దానికి ఫ్లెక్సీ కొట్టించాడు. కోటూ కారూ షాపువాడు కంప్యూటర్లో తొడిగినవి. ఈ రోజుల్లో ఫ్లెక్సీ కట్టకుండా మేకను కోస్తే దేవత కూడా నమ్మేట్టు లేదు. పినపాక నుంచి చాంది కోర్టుకు వచ్చే బస్సు సరిగ్గా అక్కడే ఆగుతుంది.

తువాలు మొహానికి చుట్టుకుని, బండరాయి ఎక్కి ఒక తాడు కోశాడు. ఫ్లెక్సీ సగం ఊడి నెత్తిన పడింది.

"ఎవడ్రా అది! దాత బొమ్మ చింపుతున్నడు, పట్టుండ్రి!"

తండా పెద్ద మోతీ నాయక్‌ది ముందు కర్ర, తర్వాత ప్రశ్న. రెండు దెబ్బలు పడ్డాకే తువాలు ఊడింది.

"ఓర్నీ, హాతీరామా! నీ బొమ్మ నువ్వే చింపుకుంటున్నవేందిరా? మేక ఎగ్గొడదామనా?"

జనం మూగారు. కోర్టని చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మేక ఎగ్గొట్టినవాడవుతాడు. హాతీరాం చెమట తుడుచుకున్నాడు. "గట్ల కాదు నాయక్. బొమ్మ చిన్నగైంది. మన తండా ఇజ్జత్ గింతేనా? కొత్తగూడెం పోయి పెద్దది కొట్టిద్దామని..."

నాయక్ కళ్లు చెమర్చాయి. "ఇన్నరా? మనిషంటే గిట్లుండాలె!"

రాజేష్ ట్రాలీ ఆటో తెచ్చి పెట్టాడు. "నేనుండంగ బస్సెందుకు మామా? జల్దీ ఎక్కు!"

"వద్దురా, నాకు ఆఫీసు..."

మెడలో బంతిపూల దండ పడింది. కొలతలకు పనికొస్తుందని ఫ్లెక్సీని ట్రాలీ ముందర కట్టారు. నాయక్‌తో పాటు నలుగురు డప్పులతో ఎక్కారు. దారిలో పినపాక బస్సు వాళ్లను దాటింది. కిటికీలో చాంది నోరు తెరుచుకుని చూస్తోంది.

కేసు పిలిచే వేళ దగ్గరపడింది. "తెలిసిన లాయరున్నడు, ఒక్క మాట మాట్లాడి వస్త" అని హాతీరాం కోర్టు ముందు దిగాడు. మామకు లాయర్లతో దోస్తీ ఉందని రాజేష్ పొంగిపోయాడు. అందరూ వెంటే దిగారు, డప్పులతో సహా.

అనిల్‌కుమార్ తల పట్టుకున్నాడు. "నేను చెప్పిందేంది, నువ్వొచ్చిన తీరేందయ్యా?"

"దండ తీసేస్త సార్."

"దండ సంగతి తర్వాత! ముందు ఆ కారు దాయి!"

ఈలోగా పేరు పిలిచారు. వెంట వచ్చిన తండావాళ్లంతా తలుపు దగ్గర నిలబడ్డారు.

జడ్జి మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు. "డప్పులు విని కిటికీలోంచి చూశాను. సంపాదన సగమైందంటున్నారు. ఆ బొమ్మలో కారు ఎవరిది?"

హాతీరాం లాయరు వైపు చూశాడు. చాంది ముందుకొచ్చింది.

"నేను చెప్త మేడమ్. కారు లేదు, కోటు లేదు. ఆ బొమ్మల తలకాయ ఒక్కటే ఈయనది. పన్నెండేండ్లు కాపురం చేసిన, నాకెరుకలేదా? షిఫ్టులు పోయింది నిజమే, పాల్వంచల అడిగి తెలుసుకున్న. నాకు హాస్టల్ల వంటపని దొరికింది. సగం తగ్గించుండ్రి, నాకు ఒప్పుదలే."

హాతీరాంకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అంతలోనే తలుపు దగ్గర నాయక్ గొంతు వినబడింది.

"ఏందీ? మనోడు తగ్గియ్యమని అడుక్కోనీకి వచ్చిండా? ఇడిసిన పెండ్లాం దయ చూపెడుతున్నదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మాట్లాడొద్దని అనిల్‌కుమార్ అతని కాలు తొక్కాడు. హాతీరాం కాలు లాక్కున్నాడు.

"ఆమె దయ నాకక్కర్లేదు మేడమ్! నేనేం బేకారోన్నా? ఒక్క పైస తగ్గకుండ కడత!"

"ఆలోచించే చెబుతున్నారా?"

"అవ్ మేడమ్. రాసుకోండ్రి."

రాసుకున్నారు.

మెట్ల దగ్గర చాంది ఒక్క క్షణం ఆగింది. "పన్నెండేండ్లల్ల ఒక్కనాడు నా మాటకు అడ్డం రాకుండ ఉన్నవా? ఇయ్యాలన్న ఉంటవనుకున్న" అని, చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

హాతీరాం పరువు నిలబడింది. దాని కిస్తీ ఇక నెలనెలా కట్టుకోవాలి.