పెద్దిరాజుగారి షేక్‌హ్యాండు

ఇంగ్లీషువాడు ఓడెక్కి వెళ్ళిపోయాడని ఊరూరా పప్పుబెల్లాలు పంచుకున్నాం. బాగానే ఉంది. కానీ పోతూ పోతూ 'షేక్' అనే మాటను కూడా మూటగట్టుకుపోయి ఉంటే మన గతేం కాను? ఆలోచించారా?

మనకేం ఉన్నాయి చెప్పండి! ఊపడం, కుదపడం, వణకడం, అదరడం... ఆ వేళకి ఏది నోటికొస్తే అది అనేసి ఊరుకుంటాం. ఇంగ్లీషులో అలా కుదరదు. చలికి వణికితే షివర్. భయానికైతే ట్రెంబుల్. పెదవి అదిరితే క్వివర్. అసహ్యానికి ఒళ్ళు జలదరిస్తే షడ్డర్. భూమి కంపిస్తే క్వేక్. ఇక చెట్టుని ఊపినా షేకే, సీసాలో మందు కలిపినా షేకే, ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపి ఊపుకున్నా షేకే! ఇంత ఐశ్వర్యం ఇంట్లో పెట్టుకుని వాళ్ళు మన దేశానికి ఎందుకొచ్చారో తెలియదు.

నమ్మరూ? నూజివీడు దగ్గర మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పే జోజిబాబు మాస్టారిని అడగండి. ఈ మాట మహిమ ఆయన కళ్ళారా చూశాడు.

జమీందారీలు రద్దవుతున్న రోజులవి. పెద్దిరాజుగారు జమీందారు కారు, మామిడితోటల ఆసామి. కాకపోతే దివాణంవారి బంజరు కొంత తనంతట తానే నడిచొచ్చి ఆయన తోటలో కలిసిపోయింది. అది ఎవరిదో తేల్చడానికి మద్రాసు నుంచి కొత్త ఆఫీసరు వస్తున్నాడు. ఆయనకి నమస్కారాలు కిట్టవనీ, ఎవరు ఎదురైనా చెయ్యి చాపుతాడనీ కబురొచ్చింది. పెద్దిరాజుగారు బుద్ధెరిగాక ఎవరి చెయ్యీ పట్టుకుని ఊపి ఎరగరు. అందుకని జోజి మాస్టారికి పిలుపొచ్చింది.

మాస్టారు జీతం అడగలేదు. ఒక్క కోరిక కోరాడు. తోటలో చేతిపంపు ఉంది. కాయలు కోసే పేటవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. పాలేరు కొట్టి, ఎత్తి పోస్తే దోసిలి పట్టాలి. పాలేరు కునుకు తీస్తే రోహిణి ఎండలో పడిగాపులు పడాలి.

"ఆ పంపు మావాళ్ళని కొట్టుకోనివ్వండి బాబుగారూ, అంతే చాలు" అన్నాడు.

"ముందు బంజరు సంగతి తేలనీవయ్యా, తర్వాత చూద్దాం" అన్నారు పెద్దిరాజుగారు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. వాళ్ళ చేత్తో కోసిన చిన్నరసాన్ని ఈయన పిసికి, మూతికి పెట్టుకుని జుర్రుకుంటారు కదా, దానికి లేదా మైల? లేదు! పండుకి అమ్ముడుపోయే గుణం ఉంది గనక మైల అంటదు. పంపుకి ఆ గుణం లేదు.

పాఠం మొదలైంది. ఆయన అరుగు మీద, మాస్టారు వాకిట్లో. ఎలాగో చూపిద్దామని మాస్టారు చెయ్యి చాపితే పెద్దిరాజుగారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. "అక్కణ్ణుంచే ఊపి చూపించవోయ్!" అన్నారు. మాస్టారు గాలిని ఊపాడు. ఆయనా గాలిని ఊపారు. షేక్‌హ్యాండు ఇలా కూడా నేర్చుకోవచ్చని లండన్లో ఒక్కడికైనా తెలుసా? పనిలో పనిగా వణుకు మాటలన్నీ ఆయన కంఠతా పట్టేశారు.

ఆఫీసరు రానే వచ్చాడు. జీపు దిగగానే, గేటు పక్కన ఒదిగి నిలబడ్డ జోజి మాస్టారు కనబడ్డాడు. ఆఫీసరు గబుక్కున మాస్టారి చెయ్యి అందుకుని ఊపేశాడు! ఆ తర్వాత అదే చెయ్యి పెద్దిరాజుగారి వైపు చాపాడు.

పెద్దిరాజుగారి చెయ్యి సగం దారిలో ఆగిపోయింది. ఒక పక్క మైల, ఒక పక్క బంజరు! ఆ చేతులు కలవకపోతే బంజరు పోతుంది, దాంతోపాటే పంపూ పోతుంది. పెద్దిరాజుగారి పెదవి క్వివర్, మోకాళ్ళు ట్రెంబుల్, వెన్ను షడ్డర్. నేర్చిన పాఠమంతా ఒంటిమీదే అప్పజెప్పాక, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ చెయ్యి పట్టుకున్నారు. భూమి అంత గొప్పది మరి!

ఆఫీసరు తోటంతా తిరిగాడు. అంతా సవ్యంగానే ఉందన్నాడు. రసాల బుట్ట జీపులో పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ దుమ్ము అణగకముందే పెద్దిరాజుగారు పంపు దగ్గరికి పరుగెత్తారు. కుడిచెయ్యి ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టి, గొట్టం కింద తల వంచి, "ఎవర్రా అక్కడ? కొట్టండి, తొందరగా కొట్టండి!" అని కేకపెట్టారు.

బుట్ట జీపుకెక్కించడానికి వెళ్ళిన పాలేరు ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. పంపు దగ్గర ఉన్నది ఇన్నమ్మ ఒక్కతే. కాయలు కోసే మనిషి, ఖాళీ ముంతతో ఆ పాలేరు కోసమే కాచుక్కూచుంది. అయ్యగారు కొట్టమన్నాక కొట్టకపోతే తప్పు కదా? కొట్టింది. ఆయన మోచేతిదాకా మట్టిపెట్టి తోముకున్నారు, మొహం కడిగారు, పుక్కిలించారు, దోసిలి పట్టి కడుపునిండా తాగారు. అప్పుడు తలెత్తి చూశారు.

అదీ క్వేకంటే!

ఇప్పుడేం చెయ్యాలి? కేకలేస్తే తాగిన సంగతి బయటపడుతుంది. ప్రాయశ్చిత్తం, దాని వెనకాలే బంధువుల ఎగతాళి. చెట్ల కింద కూలీలంతా చూస్తూనే ఉన్నారు. పెద్దిరాజుగారు తమాయించుకుని, వాళ్ళందరికీ వినబడేలా, "నేనే కొట్టమన్నాను! ఇవాళ్టి నుంచి ఈ పంపు మీదే!" అన్నారు.

ఇంకేం! నూజివీడులో సభ పెట్టారు. పూలదండ వేశారు. అంటరానితనాన్ని కూకటివేళ్ళతో పెకలించిన మహానుభావుడని ఆఫీసరే మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చిన మహానుభావుడు పెరట్లో కొత్త బోరు వేయించి, చుట్టూ నిలువెత్తు గోడ కట్టించుకున్నారు.

ఇదంతా 'షేక్' అనే ఒక్క మాట చలవ కాదూ? జోజి మాస్టారైతే ఆనందం పట్టలేకపోయాడు. తోటకి వెళ్ళి, "చూశావా పిన్నీ, చదువు ఏం చేసిందో! పంపు ఇచ్చేశాడు!" అన్నాడు.

ఇన్నమ్మ ముంత నింపుకుంటోంది.

"ఇచ్చాడా? నేను ముట్టుకున్నానని, ఇంక ఆయనకి పనికిరాదని వదిలేసుకున్నాడు నాయనా. వణుకులో ఇన్ని రకాలకి ఇన్ని మాటలున్నయ్యంటావే, ఇయ్యటానికీ పారెయ్యటానికీ మాత్రం మీ ఇంగిలీసులో ఒకటే మాటా ఏంటి?"