ఎర్ర గళ్ళ క్షమాపణ

సోమవారం పొద్దున కాఫీ తాగి, చిత్తూరు, పలమనేరు, కుప్పం బట్టల కొట్ల వాళ్లందరికీ ఒక మెయిలు పంపి, తమిళనాడులోని గుడియాత్తంలో తమ సొంత మగ్గాల మీద నేసి గిడ్డంగిలో పేరుకుపోయిన సాదా లుంగీలను వదిలించుకోవాలని విఘ్నేష్ పథకం. పథకం పారకపోతే మరుసటి రోజు నుంచి పేర్ణాంబట్టులో, మేనమామ లెక్కలు చూసే తోళ్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. తండ్రి ధనశేఖర్ ఆ మాట ఖాయం చేసేశాడు. ఆ వాసనకు విఘ్నేష్ బస్సు దిగకముందే ముక్కు మూసుకుంటాడు.

ఆంధ్రా వాళ్లకు తెలుగులో రాస్తేనే మర్యాద. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు; చదవడం మాత్రం ఎవరికీ రాదు, బడిలో చదివింది తమిళం. విఘ్నేష్ నోటితో చెప్పాడు, ఫోను రాసిపెట్టింది. వేలూరు బాగాయంలో ఉండే అక్క మీనా ఇలాంటి మెయిళ్లు పంపే ఆఫీసులోనే పని చేస్తుంది. ఆమె ముందే హెచ్చరించింది.

"యాడో రాసింది తెచ్చి అట్లే అతికించొద్దురా. రంగులు, సోకులు అన్నీ తీసేసి, ముందు నీకే ఒకటి పంపుకోని చూడు."

"సరేక్కా," అన్నాడు విఘ్నేష్. అన్నాక, అక్షరాలు మరీ బక్కగా ఉన్నాయనిపించి, తమిళ పెళ్లిపత్రికలకు వాడే బొద్దు ఫాంటు తగిలించాడు. అందులో తెలుగు అక్షరమన్నదే లేదు. తనకు తాను పంపుకున్న మెయిలు తెరిస్తే వరుసలు వరుసలుగా ఖాళీ గళ్ళు. విఘ్నేష్ ఆలోచించాడు. చిత్తూరు బస్సుల మీద తెలుగు గుండ్రంగా ఉంటుంది, నిజమే. కానీ అది చేత్తో రాసింది. కంప్యూటర్లో చదరంగా ఉంటుందేమో.

అయినా అనుమానం తీరక తండ్రికి చూపించాడు. ధనశేఖర్ కళ్లద్దాలు పెట్టుకుని మెయిలంతా పైనుంచి కిందికి నిదానంగా చూశాడు. తనకు చదవడం రాదని కొడుకు ముందు ఒప్పుకోవడం ఆయన వల్ల కాని పని.

"రొంబ మర్యాదగా రాసినావు. పంపు."

పంపాడు. కాసేపటికి చిత్తూరు నుంచి ఒక కొట్టాయన ఫోను చేశాడు.

"ఏం నాయనా, మెయిల్లో ఉత్త గళ్ళే ఉండాయే. మాట ఒక్కటీ లేదే."

విఘ్నేష్ వెంటనే అందరికీ క్షమాపణ చెబుతూ ఇంకో మెయిలు తయారుచేశాడు. బాధ బాగా కనిపించాలని అక్షరాలు పెద్దవి చేసి ఎర్ర రంగు వేశాడు. ఫాంటు మార్చాలని తోచలేదు. అది వెళ్లిపోయాక చూసుకుంటే ఎర్రటి పెద్ద గళ్ళు. కంగారులో ముందటి రెండు మెయిళ్లనూ పట్టించుకోవద్దని నీలం రంగులో మూడోది పంపి, అక్కకు ఫోను చేశాడు.

"మూడోది పంపే ముందు చూసుకున్నావా?" అంది మీనా.

"లేదక్కా."

"తోళ్ల ఫ్యాక్టరీకి పోయేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో," అంది మీనా.

తండ్రికి ఎలా చెప్పాలా అని విఘ్నేష్ నసుగుతుండగానే ధనశేఖర్ ఫోను మోగింది. పలమనేరులో పెద్ద కొట్టున్న కన్నప్ప.

"ధనశేఖరన్నా, డిజైన్లు చూసినా. నల్ల చిన్న గళ్ళు పాతవే. ఎర్ర పెద్ద గళ్ళు ఉండాది చూడు, అది ఎడుపుగా ఉండాది, కంటికి కొట్టొచ్చినట్టు. మూడు బేళ్లు పంపు. నీలం దాంట్లో మాత్రం సాంపిలు చాలు."

"నాయనా, అది డిజైను కాదు," అన్నాడు విఘ్నేష్, నిజం చెప్పేద్దామని. "నేను తప్పయిందని..."

ధనశేఖర్ ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు నోరు ముయ్యి," అన్నాడు. చెయ్యి తీసి, "ఎర్రది మగ్గం మీద ఉండాది కన్నప్పా, పదైదు దినాల్లో వస్తాది," అన్నాడు. ఆ ఎర్ర గళ్ళు నేతగాళ్లకు చూపించడానికి కంప్యూటరును అమాంతం ఎత్తుకుని మగ్గాల షెడ్డుకు నడిచాడు.

సాయంత్రం మీనా సోకులన్నీ పీకేసి, ప్రతి అక్షరమూ చక్కగా కనిపించేలా అసలు మెయిలు పంపింది. సాదా లుంగీలు కావాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పేర్ణాంబట్టు మాట ఇంట్లో మళ్లీ రాలేదు. విఘ్నేష్‌ను ఇప్పుడు తండ్రి, షెడ్డుకు వచ్చిన వాళ్లందరికీ డిజైన్లు వేసే కొడుకని చూపిస్తున్నాడు. కొత్త డిజైను కావలసినప్పుడల్లా విఘ్నేష్ మీనాకు తెలియకుండా కూర్చుని, అదే బొద్దు ఫాంటులో చేయని తప్పుకు క్షమాపణ రాసి, రంగు మార్చి కొట్ల వాళ్లకు పంపుతున్నాడు.