ఆరు తలలు, ఒక తువ్వాలు

ఆ ఉదయం ఇన్‌స్పెక్టరు గారి పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి బొమ్మల దుమ్ము దులపాలి, తర్వాత తీరిగ్గా గడ్డం గీసుకోవాలి, పదకొండింటికి మ్యూజియం అధికారిణి రాగానే ఉపన్యాసం దంచెయ్యాలి. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఏళ్ళు కొట్టు కొట్టూ తిరిగి, దొంగ తూకాలు పట్టుకుని రిటైరైన మనిషికి ఇదొక పనా?

బొమ్మలంటే అల్లాటప్పా బొమ్మలు కావు. వందేళ్ళు దాటిన పింగాణీ వెక్కిరింత బొమ్మలు, మొత్తం ఒక కోర్టు: జడ్జీ, వకీలు, గుమాస్తా, పోలీసు, సాక్షి, దొంగ. జానెడు బొమ్మలో సగం తలే. మెడలో ఉన్న సన్నటి కడ్డీ మీద ఆ తల ఊరికే ఆనుకుని ఉంటుంది, వేలితో తాకితే చాలు, ఊగుతుంది. ఇరవై రెండేళ్ళ క్రితం ఒక పాత బంగళా వేలంలో వాటిని దక్కించుకున్నది మొదలు, వాటిని చూసే హక్కు అందరికీ ఇచ్చారు గానీ తాకే హక్కు ఇంటావిడకి కూడా ఇవ్వలేదు.

వచ్చినవాళ్ళందరినీ వాటి ముందు నిలబెట్టి, జడ్జీ మొహంలోని దొంగచూపునీ దొంగ మొహంలోని గాంభీర్యాన్నీ చూపించి, న్యాయవ్యవస్థకి ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఉందా అని అడిగేవారు. ఆ సంగతి మీదే సొంతంగా ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించారు. ఇప్పుడు అధికారిణి సరేనంటే ఆ కోర్టు మ్యూజియం ముందుగదిలో అద్దాల పెట్టె ఎక్కుతుంది, పక్కన అట్ట మీద ఆయన పేరు ఉంటుంది. ఆ పేరు ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అక్కర్లేదనుకున్నారు.

తలలు ఆరూ తీసి, బల్ల మీద తువ్వాలు పరిచి వరసగా పడుకోబెట్టి, దుమ్ము పడకుండా తువ్వాలు కొసతో కప్పారో లేదో, ఫోను మోగింది. అధికారిణి అటువైపే వచ్చారట, పావుగంటలో ఇంట్లో ఉంటారట. హాలు కాస్త సర్దమని బావమరిదికి చెప్పి స్నానాలగదిలోకి పరుగెత్తారు.

రెండు రోజులుండి పోదామని వచ్చిన ఈ బావమరిది, చెప్పిన పని కంటే ఇంకొంచెం ఎక్కువే చేసే రకం. బల్ల మీద నలిగిన తువ్వాలు కనిపించింది. నాలుగు కొసలూ పట్టి మూట చుట్టి గుమ్మం పక్కనున్న లాండ్రీ సంచిలో కుక్కాడు. కాస్త బరువనిపించింది గానీ, తడి తువ్వాలు కాబోలు అనుకున్నాడు. రెండు నిమిషాల్లో లాండ్రీ అతను వచ్చి సంచి మోపెడ్ మీద వేసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు గంట మోగేసరికి ఇన్‌స్పెక్టరు గారు ఒక చెంప నున్నగా, రెండో చెంప నిండా సబ్బునురగతో బయటికొచ్చారు. గుమ్మంలో అధికారిణి. బల్ల మీద ఆరు మొండేలు.

"తలలేవిరా?" అన్నారు బావమరిదితో.

బావమరిదికి అప్పుడు వెలిగింది. వెంటనే స్కూటరెక్కాడు. మిగిలింది ఇన్‌స్పెక్టరు గారు, అధికారిణి, మొండేలు. పరువు దక్కించుకోవాలంటే ఏదో ఒకటి మాట్లాడాలి. అసలు కళంతా మొండెంలోనే ఉందనీ, తల చూసినవాడు మొండెం చూడడు కాబట్టి ముందు మొండేలు చూపించడం తన పద్ధతనీ మొదలుపెట్టారు. జడ్జీ బొజ్జ మీదే పది నిమిషాలు లాగించారు. ఆవిడ తలుపు వైపు చూడటం మొదలుపెట్టేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది.

అక్కడ వీధిలో బావమరిది "నా తలలు, తలలు పట్టుకుపోతున్నాడు" అని కేకలు వేస్తూ వెంటపడితే, పిచ్చివాడెవడో తగులుకున్నాడని లాండ్రీ అతను మోపెడ్ వేగం పెంచాడు. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఇద్దర్నీ ఆపి, ఎవరి తలలని నిలదీశాడు.

"ఒక జడ్జీ గారిది, ఒక వకీలుది, ఒక పోలీసుది" అన్నాడు బావమరిది నిజాయితీగా.

ఇంకేముంది, మనుషుల్నీ సంచినీ వెంటబెట్టుకుని ఆ పోలీసు నేరుగా ఇంటికే వచ్చాడు. దుప్పట్ల మధ్య తలలు ఆరూ భద్రంగా దొరికాయి. లాండ్రీ అతను నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. అధికారిణి జాలిగా చూసి, ఆ రెండో చెంప కూడా పూర్తి చేసుకు రమ్మని ఇన్‌స్పెక్టరు గారిని లోపలికి పంపించారు.

ఆయన అటు వెళ్ళగానే, అధికారిణి గుమ్మం దగ్గర పోలీసుకి సంగతి వివరిస్తుంటే, ఇంటావిడ చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గరికొచ్చింది. వంటింట్లో ప్రతి డబ్బాకీ దాని మూతకీ ఒకే రంగు చుక్క పెట్టుకోవడం ఆవిడ అలవాటు. ఒక తల తిరగేసి చూస్తే దాని లోపల సన్నటి నీలం గీత ఉంది. ఒక మొండెం మెడ లోపలా అదే గీత. మిగతావాటికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, గోధుమ. డబ్బాలకి మూతలు పెట్టినట్టు టకటకా పెట్టేసింది.

ఇన్‌స్పెక్టరు గారు తిరిగొచ్చి చూసి కొయ్యబారిపోయారు. దొంగచూపు దొంగకి వెళ్ళిపోయింది, గాంభీర్యం జడ్జీకి వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళ సిద్ధాంతం, అచ్చు పుస్తకం, చెంపదెబ్బ, అన్నీ మంటగలిశాయి. ఆయన నోరు తెరవబోతుంటే అధికారిణి అందుకున్నారు.

"తయారీలో వేసిన ఈ రంగు గీతల్ని ఎవరూ పట్టించుకోరండీ. నేను చూసిన ప్రతి సెట్టులోనూ తలలు తారుమారే. సరైన తలలతో ఇదే మొదటిది. అట్ట మీద 'సేకరించి సరిచేసినవారు' అని మీ పేరు రాయిస్తాను."

బావమరిది ఒప్పేసుకోమన్నట్టు కనుసైగ చేశాడు. అవునంటే పోయేదేమీ లేదు. ఆ రంగు గీతల్ని తాను పుస్తకంలో 'పాతదనపు మరకలు' అని రాసిన సంగతి అధికారిణికి తెలియదు. కానీ ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ తూకంలో తప్పు పట్టిన మనిషికి తానే దొంగ తూకం వెయ్యడానికి మనసొప్పలేదు.

"ఇన్నేళ్ళూ తారుమారుగా పెట్టింది నేనండీ. సరిచేసింది మా ఆవిడ. పేరు ఆవిడదే రాయండి" అన్నారు. అన్నాక ఆవిడ వైపు చూస్తే, ఛాతీ రెండంగుళాలు పొంగినట్టనిపించింది ఆయనకి. అంత గర్వం వేలంలో గెలిచిన రోజు కూడా కలగలేదు.

ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, మ్యూజియంలో అద్దాల పెట్టె పక్కన నిలబడి, అట్ట మీది పేరు చూపిస్తూ, అంత కన్నున్న మనిషిని ముప్ఫై ఐదేళ్ళ క్రితమే గుర్తుపట్టి ఏరుకున్నది తానేనని వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నారు. అప్పట్లో వచ్చిన నాలుగు సంబంధాల్లో ఎవరి తల మెడ మీద కుదురుగా ఉందో చూసి ఏరుకున్నది తనేనని ఆవిడ ఇంతవరకూ చెప్పలేదు.