చెప్పుకోలేని విన్నపం, నాలుగు పౌండ్ల వేరుశెనక్కాయలు

ఆ శనివారం పొద్దున నళిని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి కుక్కరు పొయ్యి మీద పెట్టాలి, మూడు విజిల్స్ రాగానే దించాలి, పదకొండింటికల్లా నాలుగు పౌండ్ల వేరుశెనక్కాయలు చర్చికి చేర్చాలి.

అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమ్మింగ్‌లోని వాళ్ల తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలు ఇస్తారు. తాళాలు మిస్ బెవర్లీ అనే డెబ్బై ఏళ్ల ఆవిడ దగ్గర ఉంటాయి. ఏడాదికోసారి ఒక శనివారం రెండు సంఘాలూ కలిసి జార్జియా వంటల విందు చేసుకుంటాయి, ఇంటికొక వంటకం. పోయినేడు నళిని ఇక్కడివాళ్ల తీపి వంటకమైన పీచ్ పళ్ల కాబ్లర్‌లో యాలకులు దంచి వేసింది. గిన్నె ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. కారులో ఐదేళ్ల అబిగేల్, "మమ్మీ, నీది ఎవ్వరూ ఎందుకు ఈట్ చేయలా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఏడాదిగా నళిని గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈసారి గిన్నె ఖాళీగా ఇంటికి రావాలి. అంతకు మించి ఆమెకు ఆశ లేదు.

అందుకే ఉడికించిన వేరుశెనక్కాయలు ఎంచుకుంది. జార్జియాలో రోడ్డు పక్కన డేరాలు వేసి అమ్మేవి అవే, చీరాల స్టేషన్లో అమ్మేవీ అవే. ఇంటర్ మధ్యలో మానేసి ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా, ఈ ఒక్క అమెరికన్ వంట తనకు పుట్టుకతోనే వచ్చనుకుంది.

"రైల్లో పొట్లాలు కట్టి అమ్మేది చర్చికి పట్టుకెళ్తావా? పరువేం గాను?" అని ముందు విసుక్కున్నాడు భర్త దేవకుమార్. మర్నాడు మేనేజరు కారులో అదే పొట్లం చూసొచ్చి, "చెయ్యి చెయ్యి. వెరీ ఆథెంటిక్" అన్నాడు.

మూడు విజిల్స్ వచ్చాయి. నళిని ఒక కాయ తీసి, ముందురోజు డేరాలో కొన్న కాయ పక్కన పెట్టింది. డేరా కాయ నొక్కితే వెన్నలా నలిగింది. తనది పంటికింద కటుక్కుమంది. కుక్కరు నిండా ఉప్పునీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీదికెక్కించింది. శనక్కాయలు ఉడకడానికి ప్రార్థన చేయమంటే నవ్వుతారు. అయితే సంఘంలో ఒక వాడుక ఉంది. బయటికి చెప్పలేని కష్టమైతే, అదేమిటో చెప్పకుండానే ప్రార్థన కోరవచ్చు. ఎనిమిదిన్నరకు వాట్సాప్ గ్రూపులో టైప్ చేసింది: "చెప్పుకోలేని విన్నపం. చాలా అర్జెంట్. పదకొండు లోపల దేవుడు కార్యం చేయాలి."

హెచ్-వన్ వీసాల మీద బతికే సంఘంలో చెప్పుకోలేని కష్టం ఒక్కటే ఉంటుంది.

సంఘపెద్ద జ్ఞానమ్మ వెంటనే గ్రహించి, దేవకుమార్ కంపెనీలోనే పనిచేసే ధర్మారావుకు ఫోన్ చేసింది. ధర్మారావుకు ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. "అనుకుంటూనే ఉన్నా ఆంటీ" అన్నాడు. ఆ వెంటనే, బయట కారు కడుక్కుంటున్న దేవకుమార్‌కు ఫోన్ కొట్టాడు.

"బ్రదర్, ధైర్యంగా ఉండు. ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి సిక్స్టీ డేస్ టైముంది. రెజ్యూమే పంపు, వేరే చోట రిఫర్ చేస్తా."

"ఎవరికి? ఎందుకు?"

"అయ్యో, నీకింకా మెయిల్ రాలేదా?"

దేవకుమార్ తడి చేతులతోనే లాప్‌టాప్ తెరిచాడు. వేళ్లు జారి పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు. మూడో తప్పుకి అకౌంటు లాక్ అయింది.

"తీసేశారు నళినీ! లాగిన్ కూడా పీకేశారు!" అంటూ సోఫాలో కూలబడ్డాడు. నళిని అతని పక్కన కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది. వంటింట్లో కుక్కరు ఒక విజిల్ వేసింది.

తొమ్మిదింటికల్లా ఇంటి ముందు ఐదు కార్లు ఆగాయి. అందరి చేతుల్లోనూ విందుకు వండిన బిర్యానీ గిన్నెలే.

"మీకెలా తెలిసింది ఆంటీ?" అని జ్ఞానమ్మను అడిగింది నళిని, ముక్కు చీదుకుంటూ.

"అలాంటివి నాకు తెలిసిపోతాయి తల్లీ. మోకరించండి అందరూ."

జ్ఞానమ్మ దేవకుమార్ నెత్తిన చెయ్యి పెట్టి, సృష్టి మొదటి రోజు నుంచి అందుకుంది. మనిషి చెమటోడ్చి బతకాల్సి వచ్చిన ఘట్టానికి చేరేసరికి అరగంటయింది, పన్నెండు విజిల్సయ్యాయి. "ప్రభువా, ఈ బిడ్డ ఎనిమిదిన్నరకు గ్రూపులో పెట్టిన విన్నపం నీకు తెలుసు" అంది అప్పుడు.

నళిని కన్నీళ్లు టక్కున ఆగిపోయాయి. ఒక కన్ను తెరిచింది. "ఆంటీ, అదీ... అది ఉద్యోగం గురించి కాదు..."

"కళ్లు మూసుకో తల్లీ. సాతాను ఇలాగే మధ్యలో మాట్లాడిస్తాడు."

ప్రార్థన మధ్యలో లేచి వెళ్లినవాళ్లు ఆ సంఘంలో ఇంతవరకు లేరు. నళిని కళ్లు మూసుకుని విజిల్స్ లెక్కపెట్టుకుంది. ఇరవై. ఇరవై ఏడు. నీళ్లు ఇంకిపోయి కుక్కరు పేలితే?

"మమ్మీ, కుక్కర్ కూడా ప్రే చేస్తుంది" అని గుసగుసలాడింది అబిగేల్.

ముప్పై నాలుగో విజిల్ దగ్గర ఆమేన్ వినిపించింది. అప్పటికి పదిన్నర దాటింది. అదే క్షణంలో దేవకుమార్ ఫోన్ మోగింది. అకౌంటు అన్‌లాక్ చేశామనీ, ఈసారి పాస్‌వర్డ్ కాస్త చూసి కొట్టమనీ ఆఫీసు నుంచి మెసేజ్. లాప్‌టాప్ తెరుచుకుంది. సోమవారం పొద్దున్నే మీటింగులు మూడున్నాయి.

"ఉద్యోగం ఉంది!" అని అరిచాడు దేవకుమార్. మీటింగులు చూసి అతను సంతోషించడం అదే మొదలు.

"చూశారా! ఆమేన్ అన్న గడియలోనే తిరిగొచ్చింది!" అంది జ్ఞానమ్మ.

"అనుకుంటూనే ఉన్నా" అన్నాడు ధర్మారావు.

నళిని నిజం చెప్పడానికి నోరు తెరిచి, వాళ్ల ముఖాలు చూసి మూసేసింది. వంటింట్లోకి పరుగెత్తి, ఆవిరి పోయాక కుక్కరు మూత తీసింది. కాయలు నల్లబడి, పగిలి, గుజ్జుగుజ్జుగా ఉన్నాయి. చీరాలలో అయితే గేదె కూడా ముఖం తిప్పుకునేది. మళ్లీ వండే టైము లేదు. వాటినే గిన్నెలోకి వంచుకుని బయల్దేరింది.

హాల్లో తెలుగువాళ్లు తలా ఒకటి నోట్లో వేసుకుని, మిగతావి మర్యాదగా పళ్లెం అంచుకు నెట్టి, బిర్యానీ వైపు నడిచారు. అబిగేల్ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని గిన్నె వంకే చూస్తోంది. నళిని గిన్నె వంక చూడలేకపోతోంది.

అప్పుడు మిస్ బెవర్లీ ఒక కాయ కొరికి, లోపలి ఉప్పునీళ్లు జుర్రుకుని, కళ్లు మూసుకుంది.

"హనీ, మా అమ్మమ్మ పోయాక ఇలాంటివి తినలేదు!" అంది.

ఆ మాటతో ఆవిడ వెనక లైను కట్టారు. ఇరవై నిమిషాల్లో అబిగేల్ గిన్నె బోర్లించి, "మమ్మీ, ఆల్ గాన్!" అని హాలంతా వినబడేలా అరిచింది. నళిని పొద్దుట్నుంచి రెండోసారి ఏడ్చింది.

మిస్ బెవర్లీ కాగితం, పెన్ను తీసుకుని వచ్చింది. "ఎంతసేపు ఉడికించావో చెప్పు తల్లీ."

నళిని తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది. "వన్ తెలుగు ప్రేయర్."

మూడేళ్లుగా ప్రతి ఆదివారం తాళాలు పట్టుకుని, వాళ్ల ప్రార్థన ముగిసేదాకా హాలు బయట నిలబడుతున్న మిస్ బెవర్లీ, మరో ప్రశ్న వేయకుండా 'గంటన్నర' అని రాసుకుంది.