రాసిచ్చిన గదులు

నాలుగో కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చిన మంగతాయారు మంచినీళ్ళ కోసం వంటగది తలుపు తీసింది. అవతల వంటగది లేదు, పక్క సందు ఉంది.

గ్యాస్ బండ, గిన్నెలు, పోపుల డబ్బా హాల్లో గోడవారగా సర్ది ఉన్నాయి. దొంగల పని కాదు. దొంగలు పోపుల డబ్బాకి మూతపెట్టి వెళ్ళరు.

జూన్‌లో దేవుడి గది పోయింది. జూలైలో పడకగది, ఆగస్టులో వెనక వరండా. ప్రతిసారీ ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజునే. మునిసిపాలిటీ వాళ్ళు కొలతలకి పట్టుకెళ్ళారు, తెచ్చిచ్చేస్తారని భర్త సత్తిబాబు చెప్పాడు. మందుల మగతలో ఆమె నమ్మింది. ఈసారి నమ్మలేదు. ఇంకా ఎక్కించాల్సిన కీమోలు రెండు. ఇంట్లో మిగిలింది హాలు ఒక్కటే.

నాలుగు రోజులకి కాస్త ఓపిక రాగానే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. కింది అంతస్తులో ఆర్థిక సహాయ విభాగం. కౌంటర్లో కళ్ళజోడు పెట్టుకున్నావిడ పేరు అడిగి రిజిస్టరు తిప్పింది.

"వంటగదేగా? నాలుగో కీమో ఖర్చు కింద చేరిందమ్మా. గట్టు పగిలి ఉంది, దానికి కొంత కోత పడింది."

"నేను చూడొచ్చా?"

"సాయంత్రం నాలుగు నుంచి ఆరు. మీ పడకగది మూడో అంతస్తులో ఉంది. లోపల పేషెంటున్నారు, చెప్పులు బయట విడవండి."

మంగతాయారుకి జూలై గుర్తొచ్చింది. జ్వరమొచ్చి రెండు రోజులు స్పెషల్ రూములో ఉంచారు. గోడల్లోంచి కర్పూరం వాసన వస్తోందని నర్సుతో అంది కూడా. అది తన దేవుడి గదే. దానికే తాము రోజుకి రెండు వేలు అద్దె కట్టారు.

"గదులు ఇవ్వలేనివాళ్ళ సంగతేంటమ్మా?" అని అడిగింది.

"పక్క కౌంటరుంది కదా. పథకం కింద అంతా ఉచితం. ఫారంలో జబ్బు పేరు రాసి, వీధిలో ఎవరిచేతనైనా సాక్షి సంతకం పెట్టిస్తే చాలు. మీవారు జూన్‌లోనే పట్టుకెళ్ళారు. ఇంకా తెచ్చివ్వలేదు."

ఇంటికొచ్చి వెతికితే ఫారం సత్తిబాబు పెళ్ళినాటి చొక్కా మడతలో దొరికింది. జబ్బు పేరు దగ్గర ఖాళీ. సాక్షి దగ్గర ఖాళీ. అతను మోటార్లు బాగుచేసే షాపు నుంచి వచ్చేసరికి దాన్ని కంచం పక్కన పెట్టింది.

"ఇదేంటండీ?"

సత్తిబాబు చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అన్నం వైపు చూడలేదు.

"నేనే తాయారూ. నాలుగు గదులూ నేనే రాసిచ్చాను. నీ జబ్బు పేరు వీధిలో తెలిస్తే నీ చేతి మంచినీళ్ళు కూడా పుచ్చుకోరని భయమేసింది. గది పోతే ఎవరూ ఏమీ అడగరు. అయినా మొన్న మనసు ఉండబట్టక ఫారం జేబులో పెట్టుకుని ఎదురింటి గవర్రాజుగారి దగ్గరికెళ్ళాను. ఆయన తలుపు తీశాడు. వెనక ఇల్లు లేదు. ఉత్త నేల. దాని మీద మంచం. వాళ్ళావిడ తలకి తువ్వాలు చుట్టుకుని పడుకునుంది. 'ఏంటి సత్తిబాబూ, ఇలా వచ్చావు' అన్నాడు. 'ఊరికేనండీ. అమ్మగారికి ఒంట్లో బాలేదా' అన్నాను. 'గ్యాస్ ట్రబులయ్యా' అన్నాడు. 'మా ఇంట్లోనూ అదేనండీ' అన్నాను. కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. మర్నాడెళ్ళి హాలుకి కూడా సంతకం పెట్టేశాను. పెద్దది కదా, మిగిలిన రెండిటికీ సరిపోతుందన్నారు. వీధివైపు తలుపు మాత్రం మనకే వదిలేస్తారట."