కొమ్మ దిగిన కొండముచ్చు

ఆ, ఫోన్లో బాగానే వినపడతంది... కొండముచ్చు ఆఫీసరు కథే కదమ్మలూ నువ్వడిగేది. అది మీ తాతది. పార్కులో గడ్డి కోసొచ్చి, కాళ్లు కడుక్కుని చెప్పేవాడు. ఆయనంత బాగా నాకు రాదు. నువ్వేమో అదేదో పరిపాలన డిగ్రీలో చేరావు, పార్కుల ఆఫీసరవుతానంటన్నావు. వినాల్సిందే మరి.

ఒక పెద్ద అడవిలో ఓ పచ్చిక మైదానం ఉండేదంట. దాని పక్కనే మద్దిచెట్టు. ఆ చెట్టు చిటారుకొమ్మ మీద తాతల నాటి నుంచీ కొండముచ్చులే కూర్చునేవి. వాటి పనల్లా చిరుత కనపడగానే దగ్గడం. దగ్గు వినపడిందా, కింద మేసే లేళ్లు పరుగో పరుగు. మీ తాత ఆ దగ్గు దగ్గితే వీధిలో కుక్కలు లేచి నిలబడేవి. నాకు రాదది.

ముసలి కొండముచ్చు పోయాక కొమ్మ కొడుక్కొచ్చింది. వాడు అప్పటికే పట్నంలో కాలేజీ కిటికీ మీద కూర్చుని పరిపాలన చదువంతా చదివొచ్చాడు. సింహం దొర చూశాడు, ఇంత చదివినోడు మనకెక్కడ దొరుకుతాడని, మైదానానికి పార్కని పేరెట్టి వాణ్ని ఆఫీసర్ని చేశాడు. ఇది బాగా చూసుకుంటే పెద్ద పార్కుకి వేస్తానని ఆశ కూడా పెట్టాడు.

ఆఫీసరు చేసిన మొదటి పని, కొమ్మ దిగడం. ఆఫీసరన్నాక చెట్టెక్కి దగ్గుతాడా? మైదానం నడిమధ్యన కుర్చీ వేయించుకున్నాడు. ఆ తర్వాత, గడ్డిలో ఎవరూ అడుగు పెట్టకూడదని ఆర్డరేశాడు. దొరొచ్చి చూసేసరికి నిండుగా కనపడాలి కదా.

లేళ్లన్నీ వాగొడ్డు రాళ్లలోకి పోయినయ్యి. అక్కడ మేతేముంటది? ఒక లేడికి పసిపిల్ల. తల్లికి పాలు తగ్గిపోయి, పిల్ల నిలబడలేక తూలతంది. ఇటు మేసేవాళ్లు లేక గడ్డి నడుమెత్తు పెరిగింది. అంత గడ్డిలోకి ఎవరొస్తారు? చిరుతొచ్చింది. వచ్చి పడుకుంది.

లేడికి వాసన తెలిసిపోయింది. వచ్చి గట్టు మీదే నిలబడి ఆఫీసర్ని పిలిచింది. చిన్నప్పుడు దాన్ని అత్తా అనేవాడు, ఇప్పుడు ఏమమ్మా అన్నాడు.

"బాబూ, పార్కులో చిరుత దూరింది."

"దూరదమ్మా. ఎవరూ రాకూడదని ఆర్డరుంది."

"దానికి తెలియాలిగా."

"తెలియకపోతే తెలియజేస్తాం. దానికో పద్ధతుంది."

చిరుతని పిలిపించాడు. అది పార్కు వదిలి పోయేలా లేదు, తోలే బలం వీడికి లేదు. ఉండకూడనిది పార్కులో ఉందని దొరకి తెలిస్తే పెద్ద పార్కు పోస్టు పోయినట్టే. అప్పుడమ్మా చదువు పనికొచ్చింది. చిరుతనే వాచ్‌మన్‌గా వేసేశాడు. ఇంకేం, అది అక్కడుండటం పద్ధతి ప్రకారమే అయిపోయింది. గడ్డిలో ఎవరు కనపడితే వాళ్లని పట్టుకోమని డ్యూటీ చెప్పాడు. చిరుత ఎంతో మర్యాదగా తలూపిందంట. జీతం సంగతే అడగలేదంట.

సాయంత్రం లేడి మళ్లీ వచ్చింది. పిల్లని తీసుకుని కొండవతలికి పోతన్నానని చెప్పింది. అక్కడ మేతెంతుందో తెలీదు గానీ, కొమ్మ మీద దగ్గేవాళ్లు ఇంకా ఉన్నారని విన్నదంట.

పోతే పోయావు గానీ పార్కు బ్రహ్మాండంగా ఉందని దొరతో ఓ మాటనిపొమ్మన్నాడు వాడు.

"అంటాలే. బాబూ, నీ కుర్చీ కూడా గడ్డిలోనే ఉంది."

"ఆ ఆర్డరు నాకు వర్తించదమ్మా."

"ఆ మాట వాచ్‌మన్‌కి చెప్పావా?"

"రేపు సర్క్యులర్ పంపుతాను."

లేడి మద్దిచెట్టు వంక చూసింది. "మీ నాన్న కొమ్మ ఖాళీగానే ఉంది నాయనా. ఎక్కరాదూ," అంది. వాడు నవ్వి చేత్తో పొమ్మన్నాడు. పిల్ల తూలుకుంటా తల్లెనకాలే పోయింది.

చదువు దండగని నేననటం లేదమ్మలూ. నువ్వు చదువుకో. చదువుకున్నోడి వల్ల ఎవరో ఒకరి కడుపు నిండుతుందని మీ తాతే అనేవాడు, అని దగ్గు వచ్చేదాకా నవ్వేవాడు.

సర్క్యులర్ పోలేదు. తెల్లారేసరికి ఆఫీసరు లేడు.